పైనున్నవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు

నతానియేలు తాత జీవితంలో చేసిన అతి పెద్ద ప్రయాణం విశాఖపట్నానికి. అదీ పూర్తిగా చేయలేదు. పెళ్ళికని బయల్దేరి, రైలు తుని దాటాక కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్లు పల్చబడ్డాయట. ఈ ఊళ్ళలో జనం ఏం చూసుకుని బతుకుతున్నారో అని ఆయనకి దిగులు పట్టుకుంది. అనకాపల్లిలో దిగి, ఎదురొచ్చిన రైలెక్కి ఇంటికొచ్చేశాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే కడుపులో బాగోలేదంటాడు. ఆ పెళ్ళికి ఒంటరిగా వెళ్ళి, మొగుడేడని అడిగిన వాళ్ళందరికీ జవాబు చెప్పుకున్న దానమ్మ మామ్మ మాత్రం ఆ కడుపునొప్పిని ఇప్పటికీ నమ్మలేదు.

రాజోలు దాటి కాలవ గట్టెమ్మట కొంతదూరం వెళితే వాళ్ళ ఇల్లు. తాత పని దింపు. కాళ్ళకి తాడు బందం వేసుకుని కొబ్బరిచెట్టెక్కి, ముదిరిన గెలలు కోసి కిందకి దించడం. అరవై దాటినా ఇంకా ఎక్కుతున్నాడు. చుట్టుపక్కల తోటల్లో ఏ చెట్టు ఏ గాలికి ఎటు ఒరుగుతుందో, ఏ చెట్టు మొవ్వులో చీమలుంటాయో ఆయనకి తెలుసు. పొద్దున్నే చద్దన్నం తిని వెళ్ళడం, ఎండెక్కాక కాలవలో మునిగి రావడం, తిని ఒక కునుకు తీయడం, ఆదివారం గుడికి వెళ్ళి వెనక బల్ల మీద ఇంకో కునుకు తీయడం. ఇంతకన్నా మనిషికేం కావాలో ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

వయసులో ఉండగా ఒక ఏజెంటు వచ్చి, గల్ఫులో ఖర్జూరం చెట్లెక్కే వాళ్ళు కావాలని, వీసా తెప్పిస్తానని అన్నాడు. తాత ఈడువాళ్ళు చాలామంది వెళ్ళారు. తాత మాత్రం, "అక్కడా చెట్టే కదండీ ఎక్కేది? ఇక్కడి చెట్టు ఏం పాపం చేసిందండీ?" అని ఆయనకి ఒక బోండాం కొట్టిచ్చి పంపేశాడు.

అలాంటి మనిషింట్లో సుప్రియ పుట్టింది.

సుప్రియ ఆయన కొడుకు కూతురు. తండ్రి జయప్రకాష్ మండపేట రైసు మిల్లు లారీకి డ్రైవరు. తల్లి మస్కట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకుంటోంది. పిల్ల తాత దగ్గర, మామ్మ దగ్గర పెరిగి, అమలాపురం కాలేజీలో డిగ్రీ చదువుతూ, ఎన్‌సీసీలో చేరింది. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి, హిమాలయాల్లో కొండలెక్కే శిక్షణకి తనని ఎంపిక చేశారని చెప్పింది. తండ్రి లారీలోంచే వెళ్ళమన్నాడు. తల్లి మస్కట్ నుంచి ఏడ్చి వెళ్ళమంది. మామ్మ స్వెట్టరెక్కడ దొరుకుతుందని అడిగింది. అడ్డం తిరిగింది తాత ఒక్కడే.

"ఎక్కి ఏం చేస్తావే?" అన్నాడు.

"ఎక్కుతాను తాతయ్యా."

"అదేలే, ఎక్కేక?"

"దిగుతాను."

"మరి కిందనే ఉంటే ఆ రెండూ తప్పుతాయి కదా!"

మామ్మకి నవ్వొచ్చింది గానీ చెంగు అడ్డం పెట్టుకుంది.

"పైన ఏవుంటాది? కాయా, పండా?"

"మంచుంటుంది."

"మంచు కోసం అంత దూరమా? రాజోలు వెళ్ళే దారిలో ఐసు ఫ్యాక్టరీ ఉంది. నేను చెప్తే లోపలికి పంపుతారు, కావలిసినంతసేపు కూర్చుని రా."

సుప్రియకి ఉక్రోషం వచ్చింది. "నీకు గోదారి దాటితే జ్వరం వస్తాది తాతయ్యా. అందరికీ రాదు. నువ్వు ఈ నాలుగు తోటలూ చాలనుకున్నావు, అనుకో. నన్నెందుకు అనుకోమంటావు?" అంది.

తాత తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పిల్ల బయల్దేరిన పొద్దున్న ఆటో వచ్చేసరికి కూడా ఆయన ఇంట్లో లేడు. కాలవ అవతల నిలబడి ఆటో కనుమరుగయ్యేదాకా చూసి, తరవాత కళ్ళలో నలక పడిందని కాలవ నీళ్ళతో చాలాసేపు కడుక్కున్నాడు. ఆ కడుక్కోవడం సుప్రియ చూడలేదు. పిల్లకి తెలిసిందల్లా, తాతయ్య కనీసం వీధిలోకి రాలేదని.

ఢిల్లీ చేరాక ఫోన్ చేసింది. తాత మాట్లాడాడు. పొడిపొడిగానే అయినా మాట్లాడాడు. "తిన్నావా? చలేస్తోందా? సరే, ఉంటాను" అన్నాడు. కొండ మొదట్లో శిక్షణ జరిగినన్నాళ్ళూ అంతే. ఒక సాయంత్రం మాత్రం సుప్రియ గొంతు వేరుగా వినిపించింది.

"మామ్మా, ఎక్కడం మొదలెట్టేం. మొదటి క్యాంపులో ఉన్నాం. ఇక్కడ కొంచెం సిగ్నలుంది, రేపట్నుంచి ఉండదు. తాతయ్యకి ఇయ్యి."

మామ్మ ఫోన్ ఇచ్చింది. తాత చెవికి ఆనించుకున్నాడు. అవతల గాలి హోరు వినబడుతోంది. "తాతయ్యా? తాతయ్యా, వినబడుతోందా?" అంటోంది పిల్ల. తాత పెదవులు కదిలాయి. అంతలో ఏదో కాలినట్టు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి మామ్మ చేతిలో పెట్టేశాడు.

"అదేంటయ్యా! మాట్లాడు!" అంది మామ్మ.

తాత తల అడ్డంగా ఊపి, అరుగు దిగి, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"తాతయ్యకి ఇంకా కోపం పోలేదా మామ్మా?" అని అవతల్నుంచి వినిపించింది. మామ్మ ఏదో సర్దిచెప్పబోయేలోపు ఫోన్ కట్టయింది. ఆ మాట పెరట్లో ఉన్న తాత చెవిన కూడా పడింది. ఎందుకంటే మామ్మ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది.

తాతకి కోపం లేదు. ఉన్నది భయం, ఆ భయానికి ఒక కట్టుబాటు. దింపు పనిలో చెట్టు మీదున్న మనిషిని కింద నుంచి పేరు పెట్టి పిలవకూడదు. పేరు వినబడితే ఎంతటి వాడైనా తల తిప్పుతాడు, తల తిరిగితే పట్టు జారుతుంది. అవసరమైతే కిందివాళ్ళు చెట్టు మొదలు మీద కర్రతో తట్టి ఊరుకోవాలి. పైవాడు తన వీలు చూసుకుని దిగుతాడు. జయప్రకాష్ పుట్టిన రోజున కూడా మంత్రసాని కూతురు పరుగున వచ్చి చెట్టు తట్టిందే తప్ప నోరు విప్పలేదు. తాత మిగిలిన గెలలన్నీ తాపీగా కోసి దిగాక గానీ, తను తండ్రినయ్యానని తెలుసుకోలేదు. ఈ పద్ధతి ఇంట్లో అందరికీ తెలుసు, సుప్రియకీ తెలుసు. కానీ అది కొండలకి కూడా వర్తిస్తుందని ఎవరికి తోస్తుంది? తాతకి తోచింది. చెట్టయితేనేం, కొండయితేనేం, పిల్ల పైన ఉంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు ఒకేసారి పైనుండకూడదు. తండ్రీ కొడుకులు దింపుకి వస్తే ఒకరు దిగాకే ఒకరు ఎక్కుతారు. కింద ఒకరు ఉండాలి. అందుకని మర్నాటి నుంచి తాత చెట్టెక్కడం మానేశాడు.

సత్యప్రసాద్ గారి తోటలో దింపు అప్పుడే ఉంది. "మోకాలు పట్టేసిందండీ" అని చెప్పాడు తాత.

"ఎన్నడూ లేనిది నీకు మోకాలేంటయ్యా?" అన్నారాయన.

"ఆయ్. అదేనండీ నాకూ అర్థం కావట్లేదు."

ఆయన మంచివారు. పూసుకోవడానికి మందు పంపించారు. దాంతో కుంటక తప్పలేదు. అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషికి అదొక పెద్ద చాకిరీ. తాతతోపాటు చెట్లెక్కే దుర్గేష్ రెండ్రోజులు చూసి, మూడోరోజు పట్టేసుకున్నాడు.

"బాబాయ్, నిన్న ఎడం కాలు కదా నెప్పి?"

తాత ఆగి, రెండు కాళ్ళ వైపూ చూసుకున్నాడు. "మారింది" అన్నాడు.

"నెప్పులు కూడా డ్యూటీలు మారతాయా బాబాయ్?"

తప్పించుకోలేక తాత అసలు సంగతి చెప్పేశాడు. దుర్గేష్ నవ్వుతాడనుకున్నాడు. వాడు నవ్వలేదు. చేతిలో కత్తి కింద పెట్టి, "పిల్ల దిగేదాకా నీ వంతు చెట్లు నేను చూసుకుంటాలే బాబాయ్" అన్నాడు. తాతకి ధైర్యం రావలసింది పోయి ఇంకా భయం వేసింది. దుర్గేష్ అంతటి వెటకారపు మనిషి నవ్వలేదంటే, ఇది నిజంగానే భయపడాల్సిన విషయమన్నమాట.

అప్పటికి సిగ్నలు లేకుండా కొన్నాళ్ళయింది. అమలాపురం కాలేజీలో ఎన్‌సీసీ చూసే కీర్తి మేడం రోజూ మామ్మకి ఫోన్ చేసి, పిల్లలు క్షేమమేనని చెప్పేది. ఒకరోజు ఆవిడ ఫోన్ రాలేదు. మర్నాడు వచ్చింది. పైన మంచు ఎక్కువ కురుస్తోందని, పై క్యాంపుతో వైర్లెస్ సరిగా అందడం లేదని, కంగారు పడొద్దని చెప్పింది. కంగారు పడొద్దని చెప్పడానికే ఒక మనిషి ఫోన్ చేసిందంటే, ఇంట్లో వాళ్ళేం కావాలి?

మామ్మ అన్నం వండి వడ్డించడం మరిచిపోయింది. జయప్రకాష్ ఎక్కడో విజయవాడ అవతల లారీ ఆపి గంటగంటకీ ఫోన్ చేస్తున్నాడు. తాత తోటలో చెట్ల కింద తిరుగుతున్నాడు. పైకి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళూ పై నుంచి కిందకి చూసినప్పుడు కూడా తిరగని కళ్ళు. పిల్ల ఏం మనసుతో ఎక్కుతోందో అన్నదే ఆయన్ని తినేస్తోంది. తాతయ్యకి కోపమనుకుంటూ ఎక్కుతోంది. మనసు ఎక్కడో పెట్టుకుని ఎక్కినవాడి కాలు ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ రోజు ఫోన్‌లో ఒక్క మాట, 'కోపం లేదమ్మా' అని ఒక్క మాట అనుంటే? అంటే పట్టు జారేదేమో. అనకపోతే మనసు జారింది. ఏది తప్పో తేలక, ఒక చెట్టుకి చేరగిలబడి, ఆ చెట్టు దగ్గరే సాయంత్రందాకా ఉండిపోయాడు.

ఆదివారం వచ్చింది. గుడి నిండుగా ఉంది. సంగతి ఊరంతా తెలిసిపోయింది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు అందర్నీ మోకరించమన్నారు. తాత ఆ రోజు వెనక బల్ల వదిలి, మగవాళ్ళ వరసలో ముందుకొచ్చి కూర్చున్నాడు. అదే చాలామందికి వింతగా ఉంది.

"పరలోకమందున్న మా తండ్రీ," అని మొదలుపెట్టారు అయ్యగారు, "ఎత్తైన కొండల మీద మంచులో ఉన్న మా బిడ్డ సు..."

"అయ్యగారూ!"

గుడిలో అందరూ కళ్ళు తెరిచారు. తాత లేచి నిలబడి ఉన్నాడు.

"పేరెత్తకండి. మీకు దణ్ణం పెడతాను. అది పైనుందండీ."

మామ్మ ఆడవాళ్ళ వైపు నుంచి తల తిప్పి చూసింది. ఫోన్ ఎందుకు తిరిగిచ్చేశాడో, మోకాలు ఎందుకు పట్టేసిందో, పెరట్లోకి ఎందుకు వెళ్ళిపోయాడో ఆవిడకి అప్పుడు తెలిసింది.

అయ్యగారు కుర్రవాడు. ఈ ఊరికి కొత్త. "పేరు చెప్పకపోతే ఎలాగండీ? ఎవరి కోసమో ప్రభువుకి విన్నవించాలి కదా" అన్నారు మెల్లిగా.

"ఆయనకి తెలుసండీ. ఆయనా పైనే ఉన్నాడు కదా, ఎదురుగానే కనబడుతుంటాది. కింద నుంచి మనం అరవక్కర్లేదండీ."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మత్తయి అనే ముసలాయన, ఒకప్పుడు తనూ దింపు చేసినవాడే, కర్ర నేలకేసి తాటించి, "అలాగే కానీయండయ్యగారూ. నతానియేలు చెప్పింది సరైనదే" అన్నాడు. అయ్యగారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, మేమెవరి గురించి అడుగుతున్నామో నీకు తెలుసు" అన్నారు. అంతే. తరవాత గుడంతా నిశ్శబ్దంగా ప్రార్థన చేసింది. మధ్యలో ఒకావిడ ఏడుపు ఆపుకోలేక "అమ్మా సుప్..." అనబోతే పక్కనున్న ఇద్దరు ఆవిడ నోరు మూసేశారు.

గుడి నుంచి వస్తూ మామ్మ అంది, "నాకైనా చెప్పచ్చు కదయ్యా."

"చెప్తే నవ్వుతావని."

"నవ్వుతాను. నవ్వితే ఏం? తిండి మానేసి చచ్చే కన్నా నయం కదా." ఆ పూట ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చుని, తిన్నట్టు చేశారు.

కీర్తి మేడం ఫోన్ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మామ్మ స్పీకర్లో పెట్టింది. "అందరూ దిగిపోయారమ్మా, బేస్ క్యాంపుకి వచ్చేశారు, క్షేమంగా ఉన్నారు" అంటోంది ఆవిడ. మామ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. తాత మాత్రం ఫోన్ దగ్గరికి వంగాడు.

"అమ్మా, నేను పిల్ల తాతనండీ. ఆ బేసు క్యాంపన్నది నేలేనాండీ?"

"అంటే... అది కూడా కొండ మీదేనండీ. కానీ కింది భాగం."

"ఆయ్. అలాగండీ" అని తాత మళ్ళీ నోరు మూసుకున్నాడు. ఆ సాయంత్రం సుప్రియే ఫోన్ చేసినా మాట్లాడలేదు. కాకపోతే ఈసారి మామ్మ ఉంది. "కోపం లేదే, గీపం లేదు. నువ్వు చెట్టు మీదున్నావుట, దిగేదాకా మాట్లాడకూడదుట. మీ తాత సంగతి తెలీదా!" అని అరిచి చెప్పింది. అవతల వినబడింది నవ్వో ఏడుపో ఇద్దరికీ తేలలేదు.

పిల్ల ఇంటికొచ్చింది. ముక్కు మీద తోలు ఊడి, మొహం మాడిన అట్టులా ఉంది. మామ్మ దిష్టి తీయబోయి, అయ్యగారు చూస్తే బాగోదని తలుపేసి తీసింది. తాత ముందు చూసింది పిల్ల కాళ్ళు. చెట్లెక్కేవాడు మనిషిని కాళ్ళ నుంచే చూస్తాడు. బొటనవేళ్ళు రెండూ కమిలిపోయి, మడమలు కొట్టుకుపోయి ఉన్నాయి.

భోజనాల దగ్గర మామ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే సుప్రియ కథంతా చెప్పింది. మంచులో గుడారంలో ఇరుక్కుపోవడం, స్టవ్ వెలగకపోవడం, పళ్ళు టకటకమని కొట్టుకోవడం. తాత ముద్ద కలుపుతూ వింటున్నాడు.

"చివరికి ఎక్కేవా లేదా?" అంది మామ్మ.

"లేదు మామ్మా. పైదాకా వెళ్ళనివ్వలేదు. వాతావరణం బాగోలేదని వెనక్కి తిప్పేసేరు."

తాత చెయ్యి ఆగింది. "ఎంత మిగిలిపోయింది?"

"ఎంతో లేదు తాతయ్యా. మన గుడి దగ్గర్నుంచి కాలవ దాకా ఉంటుందేమో. పైన జెండా పాతిన కర్ర కూడా కనబడింది. మా వాళ్ళు ఏడ్చేరు. నేను ఏడవలేదు" అంది. అని, కాస్త ఆగి, "ఇక్కడికొచ్చేక ఏడుపొస్తోంది" అంది.

పిల్ల క్షేమంగా ఎదురుగా కూర్చుని ఉంది. తాతకి కావలసింది అంతే. పిల్ల రైలు దిగిన దగ్గర్నుంచి ఆయన దేవుడికి ఎన్ని వందనాలు చెప్పుకున్నాడో లెక్క లేదు. కానీ గెల కనబడుతుండగా కొయ్యకుండా దిగొచ్చిన చెట్టు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. అలాంటి చెట్టు ఒక్కటున్నా ఆ రోజు కునుకు పట్టదు. నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలీదు, "మళ్ళీ ఎప్పుడంట?" అన్నాడు.

మామ్మ గరిటె గిన్నెలో వదిలేసింది. "ఏవన్నావు?"

"ఊరికే అడిగేను."

"ఏప్రిల్లో ఇంకో బ్యాచ్ ఉందిట" అంది సుప్రియ. ఆయన కళ్ళలోకి చూడకుండా, చేప ముల్లు తీసి పక్కన పెట్టింది. "నువ్వు వద్దంటే వెళ్ళను తాతయ్యా. ఈసారి నిజంగానే. నువ్వు వద్దను, మానేస్తాను."

ఇన్నాళ్ళూ ఆయన కోరుకున్నది అదే. ఆ ఒక్క ముక్క అంటే చాలు. పిల్ల అమలాపురం బస్సెక్కి కాలేజీకి వెళుతుంది, వస్తుంది, డిగ్రీ అవుతుంది, ఏ బడిలోనో టీచరవుతుంది. తను మళ్ళీ వెనక బల్ల మీద సుఖంగా కునుకు తీస్తాడు. 'వద్దు' అనే మాట నాలుక చివరికి వచ్చింది కూడా. ఎదురుగా పిల్ల తల వంచుకుని, తినకుండా, అదే ముల్లుని కంచం అంచున అటూ ఇటూ జరుపుతోంది.

తాత ఎడమ చేత్తో గుమ్మం దగ్గర పడున్న బూటు ఒకటి లాక్కుని, లోపల వేళ్ళు పెట్టి చూశాడు.

"ఇవెక్కడివి?"

"క్యాంపులో ఇచ్చేరు. సైజు దొరకలేదు, ఒకటి పెద్దది. తిరిగి పంపించెయ్యాలి."

"వీటితో ఎక్కించేరా నిన్ను!" అన్నాడు. ఆయన గొంతులో నిజంగా కోపం వినబడింది. "కాలు లోపల ఆడుతుంటే పట్టు ఎక్కణ్ణుంచి వస్తాది? ఈసారి నీ కాలి కొలతకి కుట్టించినవి అయితేనే వెళ్ళు. లేపోతే లేదు."

సుప్రియ తలెత్తింది. మామ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అయితే వెళ్ళమంటున్నావా?" అంది.

"నేనెప్పుడన్నాను వెళ్ళమని? బూట్ల గురించి చెప్పేను."

పిల్ల గబగబా అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టింది. మామ్మ ఇంకో చేప ముక్క ఆయన అన్నంలో వేసింది. తాతకి ముద్ద దిగలేదు. ఏప్రిల్ చాలా దూరాన ఉంది. ఆయనకి మాత్రం భయం ఆ పూటే మొదలైంది.